ఎర్రమంచిలో ఎస్ప్రెస్సో: ప్లగ్గు, పంపు, సున్నం

ఎర్రమంచి అంటే ఇప్పుడు అందరికీ కియానే గుర్తొస్తుంది. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. కార్లతో పాటు కొరియా నుంచి ఉద్యోగులొచ్చారు, వాళ్ల కోసం హోటళ్లొచ్చాయి, పెనుకొండ చుట్టుపక్కల కొరియన్ అక్షరాల బోర్డులొచ్చాయి. చలికాలంలో కూడా ఐసు వేసిన అమెరికానో తాగే జనం వాళ్లు. అమెరికానో అంటే ఎస్ప్రెస్సోకు నీళ్లు కలపడమే. అందుకని కొందరు ఇంట్లోనే చిన్న ఎస్ప్రెస్సో మెషిన్ పెట్టుకుంటారు. వెనక్కి వెళ్లేటప్పుడు సోఫా, ఫ్రిజ్జుతో పాటు అది కూడా అమ్ముడుపోతుంది. మా రూమ్‌కు అలాంటిదొకటి చాలా తక్కువ ధరకు వచ్చింది. ఎందుకు తక్కువంటే, అది పని చేయడం లేదు.

"పని చేయడం లేదు" అన్నది జబ్బు పేరు కాదు. డాక్టర్ దగ్గరికెళ్లి "బాగాలేదు" అంటే ఎంతో, ఇదీ అంతే. నీళ్లు రావడం లేదా? వస్తున్నాయి కానీ వేడిగా లేవా? వేడిగా ఉన్నాయి కానీ పక్కల నుంచి కారుతున్నాయా? ముట్టుకుంటే షాక్ కొడుతోందా? ఈ నాలుగింటికీ విప్పాల్సిన స్క్రూలు వేరు. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక అరగంట ఊరికే చూడటం, వినడం మంచిది. ఈ మెషిన్లో అంతుపట్టని భాగం ఏదీ లేదు. మన ఫస్టియర్ కెమిస్ట్రీ, బేసిక్ ఎలక్ట్రికల్, కొంచెం ఫ్లూయిడ్ మెకానిక్స్ కలిపితే మొత్తం అర్థమైపోతుంది. పరీక్షలో రాసి మర్చిపోయినవే, ఇక్కడ పనికొస్తాయి.

ముందు ప్లగ్గు

కాఫీ సంగతి తర్వాత. మా రూమ్మేట్ ఒకడు ఒట్టికాళ్లతో నిలబడి స్టీమ్ గొట్టం ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. "కొంచెమే కదప్పా, ఏం కాదులే" అన్నాడు. కొంచెమే అయినా, నీళ్లున్న చోట, లోహపు ఒంటి మీద కరెంటు తగిలిందంటే ఆ మెషిన్‌ను ఇక సాకెట్లో పెట్టకూడదు. కారణం దొరికేదాకా అంతే.

కొరియా ప్లగ్గు చూడండి. రెండే గుండ్రటి పుల్లలు. మూడోది లేదు కాబట్టి ఎర్త్ లేదనుకుంటాం. ఉంది, కానీ పుల్లలా కాదు. ప్లగ్గు పక్కల్లో రెండు లోహపు పట్టీలు ఉంటాయి. వాళ్ల సాకెట్ గుంతలా ఉండి, దాని గోడల్లోని స్ప్రింగులు ఆ పట్టీలను పట్టుకుంటాయి. ఎర్త్ అలా కలుస్తుంది. మన సాకెట్లో ఎర్త్ పైనున్న పెద్ద బొక్కలో ఉంటుంది. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే చౌక అడాప్టర్లలో చాలావాటికి పక్క పట్టీలతో సంబంధమే ఉండదు. రెండు పుల్లలకు కరెంటు అందుతుంది, మెషిన్ వెలుగుతుంది, ఎర్త్ మాత్రం గాల్లో ఉంటుంది. పైగా వాళ్ల పుల్లలు 4.8 మిల్లీమీటర్లవి, మన సాకెట్ బొక్కలు అంతకన్నా లావు పుల్లల కోసం చేసినవి. వదులుగా కూర్చుని, లోపల నిప్పురవ్వలు వస్తాయి, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది.

దీనికి అడాప్టర్ వెతకడం దండగ. ఆ ప్లగ్గు కత్తిరించి, 16 ఆంపియర్ల మన మూడు పుల్లల ప్లగ్గు బిగించండి. పచ్చ-పసుపు చారల వైరు ఎర్త్, గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్. రంగును మాత్రమే నమ్మకుండా, బిగించాక మల్టీమీటర్‌తో ఒకసారి చూడండి. మెషిన్ సాకెట్లో లేనప్పుడు, ప్లగ్గు ఎర్త్ పుల్లకూ మెషిన్ లోహపు ఒంటికీ మధ్య రెసిస్టెన్స్ 1 ఓమ్ లోపే ఉండాలి. గోడ సాకెట్లో ఎర్త్ నిజంగా ఉందా అన్నది ఇంకో ప్రశ్న. అద్దె గదుల్లో మూడో బొక్క ఉన్నా దాని వెనక వైరు లేని సాకెట్లు ఉంటాయి. అది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాల్సిన పని.

మా దానికి కొత్త ప్లగ్గు పెట్టి, ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఆన్ చేయగానే టప్పున ట్రిప్పయింది. ఇది చెడ్డ వార్త అనిపిస్తుంది, నిజానికి చాలా మంచి వార్త. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగానే పడిపోయేలా ఉంటుంది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానం కాకపోతే, మిగిలింది ఎక్కడికో పోతోందని దానికి తెలుస్తుంది. అంతకుముందు ఆ కరెంటుకు దారి మా రూమ్మేట్ వేళ్లే. ఇప్పుడు ఎర్త్ వైరు. ఇలా ట్రిప్పయినప్పుడు "ఆ సాకెట్లో పడిపోతోంది, ఈ సాకెట్లో బాగానే నడుస్తోంది" అని ఆర్‌సీసీబీ లేని చోటికి మార్చుకునే తెలివిగలవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు.

కరెంటు ఎక్కడి నుంచి కారుతోందో మెషిన్ విప్పాకే తెలిసింది. అది అర్థం కావాలంటే నీళ్లు వెళ్లే దారి తెలియాలి.

నీళ్ల దారి

వెనక ట్యాంకులో నీళ్లుంటాయి. అక్కడి నుంచి సన్న గొట్టం, చివర చిన్న జల్లెడ. తర్వాత పంపు. తర్వాత నీళ్లు కాగే చోటు: కొన్నిట్లో చిన్న బాయిలర్, చౌక మెషిన్లలో థర్మోబ్లాక్, అంటే సన్నటి కాలువలున్న అల్యూమినియం దిమ్మ. తర్వాత సోలినాయిడ్ వాల్వ్. చివరికి జల్లెడ బిళ్ల, దాని కింద పిడి ఉన్న గిన్నెలో కాఫీ పొడి, కింద కప్పు. మధ్యలో ఒక పాయ చీలి స్టీమ్ గొట్టంలోకి వెళ్తుంది. ఇంతే. మన ఫిల్టర్ కాఫీలో నీళ్లు తమ బరువుతో తామే దిగుతాయి, తొందరేమీ లేదు. ఇక్కడ 9 బార్ల ఒత్తిడితో తోస్తాం. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల బయటికన్నా ఎక్కువుండేది సుమారు 1 బారు. అలాంటివి తొమ్మిది.

ఇంకోలా లెక్కేద్దాం. 58 మిల్లీమీటర్ల గిన్నె వైశాల్యం 26 చదరపు సెంటీమీటర్ల పైన. దాని మీద 9 బార్లు అంటే దాదాపు 240 కిలోల బరువు. రెండున్నర క్వింటాళ్ల వేరుశనగ మూటలు ఆ పిడిని కిందికి నెడుతున్నట్టు. అందుకే కాఫీ దిగుతుండగా పిడి తిప్పకూడదు. అందుకే విప్పే ముందు మెషిన్ ఆపి, ప్లగ్గు తీసి, స్టీమ్ నాబ్ తెరిచి ఒత్తిడి పోనిచ్చి, పూర్తిగా చల్లారనివ్వాలి.

ఈ 9 బార్ల వెనక కొంచెం చరిత్ర ఉంది. 1884లో ట్యూరిన్‌లో ఏంజెలో మొరియోండో, 1901లో మిలాన్‌లో లుయీజి బెజ్జెరా పేటెంట్లు తీసుకున్న మెషిన్లు ఆవిరి ఒత్తిడి మీద నడిచేవి. కప్పు మీద ఆ తేనె రంగు నురగ వచ్చింది అఖిల్లె గాజ్జియా లివర్ మెషిన్‌తో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1961లో ఫేమా కంపెనీ ఈ61 మోడల్లో చేతి లివర్‌కు బదులు ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. ఇంటి మెషిన్లలో ఆ పంపు స్థానంలో వచ్చింది వైబ్రేషన్ పంపు. దాని గురించి ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఎర్రమంచి కథ మళ్లీ ఇక్కడే తగులుతుంది.

వైబ్రేషన్ పంపులో మోటారు లేదు. ఒక కాయిల్, దాని మధ్యలో ఇనుప పిస్టన్, ఒక స్ప్రింగు, ఒక డయోడ్. డయోడ్ ఏసీలో సగం తరంగాన్నే పంపుతుంది. ఆ సగంలో కాయిల్ పిస్టన్‌ను లాగుతుంది, మిగతా సగంలో స్ప్రింగు వెనక్కి తోస్తుంది. ఒక సైకిల్‌కు ఒక తోపు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకు 50 తోపులు. కొరియాలో 220 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి పంపు సెకనుకు 60 తోపులకు తయారైంది. ఇక్కడ పెడితే తోపులు తగ్గుతాయి, శబ్దం కొంచెం బొంగురుగా వస్తుంది. అంతటితో పోదు. ఫ్రీక్వెన్సీ తగ్గితే కాయిల్ రియాక్టెన్స్ కూడా తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, కాయిల్ త్వరగా వేడెక్కుతుంది. కాఫీ ఒకటి రెండు కప్పులైతే తట్టుకుంటుంది. వరసగా ఎనిమిది మందికి చేయబోతే లోపలి థర్మల్ కటాఫ్ పడి పంపు నిలిచిపోతుంది. చల్లారాక మళ్లీ నడుస్తుంది. దాన్ని "పంపు పోయింది" అనుకుని పారేయొద్దు. నిజంగానే పోతే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసి ఉన్నదే కొనండి. ఆ మాట పంపు మీదనే ఉంటుంది. ఎంతసేపు నడిపితే ఎంతసేపు విశ్రాంతి ఇవ్వాలన్నది కూడా దాని మీదే ఉంటుంది.

ఇక వినడం. పంపు ఖాళీగా, గలగలమంటూ పెద్ద శబ్దం చేస్తుంటే దానికి నీళ్లు అందడం లేదు: ట్యాంకు సరిగా కూర్చోలేదు, జల్లెడ మూసుకుపోయింది, లేదా గొట్టంలో గాలి బిగుసుకుంది. స్టీమ్ నాబ్ తెరిచి పంపు నడిపితే గాలి చాలాసార్లు అటు వెళ్లిపోతుంది. వెళ్లకపోతే సూది లేని సిరంజితో ట్యాంకు వైపు గొట్టంలోకి నీళ్లు ఎక్కించండి. అలా కాకుండా పంపు మెల్లగా, బరువుగా, గొంతు నొక్కినట్టు మూలుగుతుంటే దానికి నీళ్లు అందుతున్నాయి, ముందుకు పోయే దారే లేదు. మాది రెండో రకం.

కాఫీ తప్పా, మెషిన్ తప్పా

దారి మూసింది మెషినేనా, కాఫీ పొడా? తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. కాఫీ గిన్నె పూర్తిగా తీసేసి పంపు నడపండి. నీళ్లు ధారగా పడితే మెషిన్ బాగానే ఉంది, తప్పు పొడిది. చుక్కలు చుక్కలుగా వస్తే మెషిన్ లోపలే ఏదో ఉంది.

ఇక్కడ మన వైపు మాత్రమే కనిపించే ఒక చిక్కు చెప్పాలి. హిందూపురంలో గానీ ధర్మవరంలో గానీ కాఫీ పొడి అడిగితే సాధారణంగా చికోరీ కలిపిందే ఇస్తారు. ఫిల్టర్‌కు అది బాగుంటుంది, నాకూ అదే ఇష్టం. ఎస్ప్రెస్సో గిన్నెలో వేస్తే మాత్రం చికోరీ నీళ్లు తాగి ఉబ్బి జిగురుగా అడ్డుపడుతుంది. "చికోరీ లేకుండా, ఒట్టి కాఫీ" అని అడగండి. రెండు కప్పుల గిన్నెకు 18 గ్రాముల పొడి వేస్తే, సుమారు 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. పది సెకన్లకే అయిపోతే పొడి లావు, నిమిషం దాటితే మరీ మెత్తన. మెషిన్ పాడైందని ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి కావాల్సింది మెకానిక్ కాదు, సరైన మర.

చౌక మెషిన్ల గిన్నెకు అడుగున రెండు పొరలుంటాయి, బయటి పొరకు ఒకే ఒక్క సూది బొక్క. అది మూసుకుపోయినా ఇదే లక్షణం. వేడి నీళ్లలో నానబెట్టి గుండుసూదితో పొడిస్తే సరి.

సున్నం

మా మెషిన్ గిన్నె తీసినా చుక్కలే పడ్డాయి. స్టీమ్ గొట్టం వైపు మాత్రం నీళ్లు బాగానే వస్తున్నాయి. ఇది పెద్ద ఆధారం. పంపు, థర్మోబ్లాక్ రెండు దారులకూ ఉమ్మడి. ఒక దారి బాగుండి ఇంకోటి మూసుకుపోయిందంటే, అడ్డు ఆ రెండూ చీలిన తర్వాతే ఉంది: సోలినాయిడ్‌లో, లేదా జల్లెడ బిళ్లలో. జల్లెడ బిళ్ల మధ్య స్క్రూ విప్పి చూశాం, శుభ్రంగా ఉంది. సోలినాయిడ్ విప్పితే లోపల తెల్లటి పెచ్చులు, గోరుతో గీకితే రాలే రకం.

హాస్టల్లో నీళ్లు కాచుకునే హీటర్ కడ్డీని ఒకసారి గుర్తుచేసుకోండి. ఆరు నెలల్లో అది సున్నం పూసిన గోడలా అవుతుంది. ఇదీ అదే. భూమిలోంచి వచ్చే నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి, కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. తాత్కాలిక కాఠిన్యం అని రెండు మార్కుల ప్రశ్నకు రాసిందే ఇది. మన అనంతపురం ప్రాంతపు బోరు నీళ్లకు కాఠిన్యం, ఫ్లోరైడ్ రెండూ పాత కథలు. సత్యసాయి ట్రస్టు 1995లో ఈ జిల్లా పల్లెలకు అంత పెద్ద తాగునీటి పథకం కట్టడానికి కారణాల్లో ఫ్లోరైడ్ ఒకటి. ఎర్రమంచిలో ఫ్యాక్టరీకి గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లొస్తాయి, అంటే హంద్రీ-నీవా కాలువలో ఎక్కి వచ్చిన కృష్ణా నీళ్లు. అద్దె ఇళ్ల సింటెక్స్ ట్యాంకుల్లో ఉండేది ఎక్కువగా బోరు నీళ్లే. సియోల్‌లో కుళాయి తిప్పితే వచ్చేది మృదుజలం. అక్కడ కుళాయి నీళ్లే పోసి అలవాటైన మనిషి ఇక్కడ కూడా అదే చేస్తే మెషిన్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఆ 600 నీళ్లే రోజుకో లీటరు పోశారనుకోండి. ఏడాదికి 219 గ్రాముల ఖనిజం మెషిన్ గుండా వెళ్తుంది. అందులో పదో వంతు లోపల అతుక్కున్నా 22 గ్రాములు. కొన్ని మిల్లీమీటర్ల కాలువలున్న థర్మోబ్లాక్‌కు, అంతకన్నా సన్నటి బొక్కలున్న సోలినాయిడ్‌కు అది చాలా ఎక్కువ. పైగా సున్నం పెచ్చు వేడిని అల్యూమినియంలో సుమారు వందో వంతు మాత్రమే పంపుతుంది. హీటర్ కాగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా వస్తాయి.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ప్రశ్నకు వద్దాం. కరెంటు ఎక్కడ కారుతోంది? పెట్టె మీద గొప్పగా "15 బార్" అని రాస్తారే, అది దారి మొత్తం మూస్తే పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. మంచి మెషిన్లలో 9 దగ్గర తెరుచుకుని ఎక్కువ నీళ్లను ట్యాంకులోకి వెనక్కి పంపే వాల్వ్ ఉంటుంది. చౌకవాటిలో అది ఉండకపోవచ్చు. మా దాంట్లో లేదు. సోలినాయిడ్‌ను సున్నం మూసేసింది. వెనకున్న థర్మోబ్లాక్ మీద ఒత్తిడి పెరిగింది. గొట్టం కలిసే చోట ఎండిపోయిన ఓ-రింగు ఆ ఒత్తిడికి ఆగలేక చుక్క చుక్కగా వదిలింది. ఆ చుక్కలు సరిగ్గా హీటర్ తీగలు కలిసే టెర్మినల్ మీద పడుతున్నాయి. అక్కడ కూడా తెల్లటి చార. తడిసిన సున్నం మీదుగా కరెంటు థర్మోబ్లాక్ ఒంటికి, అక్కడి నుంచి స్టీమ్ గొట్టానికి, అక్కడి నుంచి మా వాడి వేళ్లకు. మేము రెండు జబ్బులనుకున్నది ఒక్కటే. నీళ్ల జబ్బే కరెంటు జబ్బుగా బయటపడింది. ఒట్టి టెర్మినల్ తుడిచి, టేపు చుట్టి ఊరుకుని ఉంటే నెలలో మళ్లీ అదే.

సున్నం కరిగించడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు, అదే సిట్రిక్ యాసిడ్. లీటరు నీళ్లకు 20 గ్రాములు. లెక్క ప్రకారం అది 15 గ్రాముల పైచిలుకు సున్నాన్ని తినగలదు. చాలామంది ఇక్కడ చేసే పని, త్వరగా కరగాలని నీళ్లు బాగా కాచి పోయడం. ఇది తిరగబడుతుంది. సిట్రిక్ యాసిడ్, సున్నం కలిస్తే వచ్చే కాల్షియం సిట్రేట్ నీళ్లలో తక్కువే కరుగుతుంది, వేడి నీళ్లలో ఇంకా తక్కువ. ఒక పెచ్చు తీసి ఇంకో పెచ్చు పెట్టినట్టవుతుంది. గది వేడి మీదున్న నీళ్లు చాలు. మెషిన్ ఆన్ చేసి, కాగక ముందే వంద మిల్లీలీటర్లు గుంజి, ఆపేసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ గుంజాలి. మధ్యమధ్యలో స్టీమ్ గొట్టం నుంచి కూడా వదలాలి. లీటరు అయిపోయాక మంచినీళ్లు రెండు ట్యాంకులు పోయించేయాలి. అవతల పడే నీళ్లలో తెల్ల పెచ్చులు ఇంకా వస్తుంటే కొత్త ద్రావణంతో మరోసారి. సోలినాయిడ్‌ను మాత్రం విడిగా తీసి గిన్నెలో నానబెట్టడమే మేలు, కాయిల్ తీసేసి, ఇత్తడి భాగం మాత్రమే. లేదంటే పైన ఊడిన పెచ్చులు వచ్చి దాంట్లోనే ఇరుక్కుంటాయి.

బాత్రూమ్ యాసిడ్ వాడితే ఐదు నిమిషాల్లో అయిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అవును, సున్నంతో పాటు అల్యూమినియం థర్మోబ్లాక్ కూడా అయిపోతుంది. పైగా ఆ గొట్టంలోంచే మనం తాగాలి.

ఆ తర్వాత ఏ నీళ్లు పోయాలి? ఆర్వో క్యాన్ నీళ్లు. కాఫీ వాళ్ల ప్రమాణాల్లో టీడీఎస్ 150 దగ్గర ఉంటే రుచి బాగుంటుందంటారు, 75 నుంచి 250 దాకా ఒప్పుకుంటారు. క్యాన్ నీళ్లు తరచూ అంతకన్నా తక్కువే ఉంటాయి, కాఫీ కొంచెం చప్పగా అనిపించవచ్చు. కొన్ని ఖరీదైన మెషిన్లు నీటిలోని ఖనిజాల వల్ల పారే కరెంటుతో బాయిలర్లో నీళ్లున్నాయో లేదో కనిపెడతాయి, వాటికి మరీ శుద్ధమైన నీళ్లు కనపడవు. మన చిన్న మెషిన్లకు ఆ బాధ లేదు. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం కూడా పొరపాటే, నీళ్లు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది.

వేడి రాకపోతే

ఇది మాకు రాలేదు కానీ చెప్పాలి. ముందు ఓల్టేజీ చూడండి. హీటర్ పవర్ ఓల్టేజీ వర్గంతో మారుతుంది. 220 వోల్టుల దగ్గర 1000 వాట్ల హీటర్ రెసిస్టెన్స్ 48.4 ఓములు. మన 230 దగ్గర అది దాదాపు 1093 వాట్లు లాగుతుంది, పర్వాలేదు. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయి ఇంట్లో 190కి పడిపోయిందనుకోండి, 746 వాట్లే. లైటు వెలుగుతుంది, కాఫీ మాత్రం పుల్లగా, చల్లగా వస్తుంది. దానికి మెషిన్‌ను తిట్టి లాభం లేదు.

ఓల్టేజీ బాగుంటే, ప్లగ్గు తీసి, మల్టీమీటర్‌తో మూడు చోట్ల చూడాలి. హీటర్ రెండు కొసల మధ్య ఆ 48 ఓముల చుట్టుపక్కల రావాలి. ఏమీ రాకపోతే తీగ తెగింది. థర్మోస్టాట్ చల్లగా ఉన్నప్పుడు కంటిన్యూటీ చూపాలి. మూడోది థర్మల్ ఫ్యూజ్. అది ఒక్కసారి పోతే మళ్లీ రాదు, కావాలనే అలా చేశారు. అది పోయిందంటే థర్మోస్టాట్ అతుక్కుపోయిందో, నీళ్లు లేకుండా హీటర్ కాగిందో, ఏదో ఒకటి జరిగింది. ఆ కారణం చూడకుండా ఫ్యూజ్ మార్చితే కొత్తదీ పోతుంది. ఫ్యూజ్ తీసేసి వైరు ముడేస్తే ఈసారి పోయేది ఫ్యూజ్ కాదు, ఇల్లు. కొత్తదాన్ని సోల్డర్ చేయొద్దు, సోల్డరింగ్ ఐరన్ వేడికే అది కాలిపోతుంది. క్రింప్ చేయాలి.

హీటర్ తీగకూ ఒంటికీ మధ్య ఇన్సులేషన్ చూడటానికి మామూలు మల్టీమీటర్ చాలదు. అది ఇచ్చే కొద్దిపాటి ఓల్టేజీకి లీకేజీ బయటపడకపోవచ్చు. 500 వోల్టుల మెగ్గర్ కావాలి. ఈఈఈ ల్యాబ్‌లో ఉంటుంది, ల్యాబ్ అసిస్టెంట్ అన్నను మర్యాదగా అడిగితే ఆయనే వచ్చి చూస్తారు. మాది తుడిచి ఆరబెట్టాక బాగా చూపించింది. నెలల తరబడి మూలన పడున్న మెషిన్లలో హీటర్ లోపలి ఇన్సులేషన్ పొడికి తేమ పట్టి కూడా ఆర్‌సీసీబీ పడిపోతుంటుంది. అలాంటివి రెండు రోజులు ఎండలో పెడితే కొన్ని బాగుపడతాయి, కొన్ని పడవు.

రబ్బరు, సామాన్లు

పిడి చుట్టూ కారుతుంటే గాస్కెట్. కుక్కర్ గాస్కెట్ లాగే, వేడికి గట్టిపడి గాజులా విరుగుతుంది. గట్టిగా తిప్పి బిగించి కొన్నాళ్లు నెట్టుకొస్తాం కానీ దానివల్ల పిడి కూర్చునే అంచులు అరుగుతాయి. గాస్కెట్ కొనడానికి బయటి కొలత, లోపలి కొలత, మందం మూడూ వెర్నియర్‌తో రాసుకోండి. సగం మిల్లీమీటరు తేడా వచ్చినా పనికిరాదు.

ధర్మవరంలో మగ్గాల సామాన్లు దొరికినంత సులువుగా ఇవి మన ఊళ్లలో దొరకవు. ఓ-రింగులు హైడ్రాలిక్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, కానీ అన్నీ తాగే నీళ్లకు పనికొచ్చే రబ్బరు కాదు, ఫుడ్ గ్రేడ్ సిలికాన్ అని అడిగి తీసుకోవాలి. థర్మల్ ఫ్యూజులు, క్రింపు టెర్మినళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. హిందూపురంలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పాత భాగం జేబులో పెట్టుకుని వెళ్లండి. ఫోటో చూపిస్తే ఒకటిచ్చి, ఇంటికొచ్చాక ఇంకోటి అవుతుంది.

మళ్లీ బిగించేటప్పుడు, విప్పుతూ తీసిన ఫోటోలను వెనక నుంచి ముందుకు చూసుకుంటూ రండి. పైమూత వేయకముందే మెషిన్ కింద పాత పేపరు పరిచి, ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్లో పెట్టి, చేతులు దూరంగా పెట్టుకుని ఐదు నిమిషాలు పంపు ఆపుతూ నడుపుతూ చూడండి. పేపరు మీద ఒక్క తడి మచ్చ పడినా ప్లగ్గు తీసి, చల్లారాక ఆ కీలు మళ్లీ విప్పాలి. మచ్చ పడకపోతే మూత బిగించి, మొదటి రెండు కప్పులు పారబోసి, మూడోది తాగండి.